దారి బత్తెం

చాంద్రాయణగుట్ట దాటాక బార్కస్ పక్కనుంచి పోయే రోడ్డు పహాడీ షరీఫ్ గుట్ట కిందుగా సాగి, తుక్కుగూడ, కడ్తాల్, ఆమన్‌గల్, డిండి మీదుగా మన్ననూరు చేరుతుంది. అక్కణ్ణుంచి నల్లమల. అడవి దాటితే శ్రీశైలం. మొత్తం రెండు వందల కిలోమీటర్లకు కొంచెం పైన. గుట్టమీద బాబా షర్ఫుద్దీన్ దర్గాకు పోయేవాళ్లూ, మల్లన్న దగ్గరికి పోయేవాళ్లూ ఈ తారు మీదనే పోతారు. ఈమధ్య వాళ్లతోపాటు మూడో రకం ప్రయాణికులు కూడా కనిపిస్తున్నారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో వచ్చింది, హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది 2019లో, కేటీఎం 390 అడ్వెంచర్ 2020లో. అప్పటినుంచి ఎత్తైన ఈ బళ్లు మామూలు ఉద్యోగస్తుల ఇళ్లముందు కూడా నిలబడుతున్నాయి. వాటి వెనక చక్రానికి రెండు పక్కలా వెండిరంగులో మెరిసే అల్యూమినియం పెట్టెలు వేలాడుతుంటాయి. కుర్రాళ్లు వాటిని పానియర్లు అంటారు, కొందరు సైడ్ బాక్సులంటారు. ఏ పెట్టె కొనాలి, ఎన్ని లీటర్లది, ఎలా బిగించాలి అన్నవి పైకి మెకానిక్కు దగ్గర తేలిపోయే సంగతుల్లా కనిపిస్తాయి. వాటి అడుగున మాత్రం చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. దేవుడిమీద భారం వేసి బయల్దేరినవాడు వెంట మూట కట్టుకోవచ్చా? కట్టుకుంటే ఎంత కట్టుకోవాలి? ఆ ప్రశ్న అడగడానికి బార్కస్ కన్నా తగిన చోటు మన దగ్గర లేదని నాకనిపిస్తుంది.

బార్కస్ అనే పేరు బారక్స్ అన్న మాటకు స్థానిక రూపం. నిజాముల కొలువులో చేరిన అరబ్బు సైనికుల నివాసాలు ఇక్కడ ఉండేవి. వాళ్లలో ఎక్కువమంది యెమెన్ తూర్పు భాగంలోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. లోయల్లోని ఊళ్లనుంచి ఒంటెల మీద ముకల్లా, షిహ్ర్ రేవులకు దిగి, అక్కడ తెరచాప ఓడలెక్కి మన పడమటి తీరానికి చేరి, దక్కన్‌లోకి నడిచారు. హైదరాబాదులో జమేదారీ చేసి కూడబెట్టిన సొమ్ముతోనే కుఐతీ వంశం వాళ్లు తమ దేశంలో సుల్తానులయ్యారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సైన్యమూ పోయింది, కొలువులూ పోయాయి. చావుష్‌లుగా పేరుపడ్డ ఆ కుటుంబాలలో చాలా వరకు ఇక్కడే ఉండిపోయాయి. పొద్దున్నే హరీస్ అమ్మే కొట్లూ, మండీ పళ్లాలూ, జామపళ్ల పేరూ, లుంగీ కట్టూ ఆ చరిత్రకు మిగిలిన ఆనవాళ్లు. ఈ పేట పుట్టుకలోనే ప్రయాణం ఉంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఖురాన్ రెండో అధ్యాయం 197వ వాక్యం హజ్ నియమాల మధ్యలో, దారికి కావలసినవి వెంట తీసుకెళ్లమని ఆదేశిస్తుంది. ఆ ఆదేశం ఎందుకొచ్చిందో ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ చెప్పినట్టుగా బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. యెమెన్ నుంచి కొందరు యాత్రికులు చేతిలో ఏమీ లేకుండా, తాము తవక్కుల్ మీద వచ్చామంటూ, అంటే అల్లాహ్ మీద భారం వేసి వచ్చామంటూ, హజ్‌కు బయల్దేరేవాళ్లు. తీరా మక్కా చేరాక జనం దగ్గర చేయి చాచేవాళ్లు. ఆ సందర్భంలో దిగిన వాక్యమది. ఆ యాత్రికులు బార్కస్ వాళ్ల తాతముత్తాతలని నేననడం లేదు. ఆ నేలనుంచి వచ్చినవాళ్ల పేటలో ఈ మాట తలుచుకోవడం సబబనే అంటున్నాను.

ఆ వాక్యం ఏ తప్పును సరిదిద్దిందో జాగ్రత్తగా చూడాలి. యాత్రికుల విశ్వాసాన్ని అది తప్పుపట్టలేదు. వాళ్ల లెక్కలో ఉన్న పొరపాటును పట్టింది. వట్టి చేతులతో బయల్దేరినవాడు బరువు వదిలించుకున్నానని అనుకుంటాడు. నిజానికి ఆ బరువు ఎక్కడికీ పోలేదు, మక్కా వాళ్ల వీపుమీదికి మారింది. దేవుడిమీద వేశానని చెప్పిన భారం పక్కింటివాడి పొయ్యిమీద పడింది. నా వాదనంతా ఇక్కడినుంచే మొదలవుతుంది. తెలుగులో దారి బత్తెం అని చక్కటి మాట ఉంది. తెలంగాణ పల్లెల్లో సద్ది అంటారు, ఉర్దూలో తోషా, అరబ్బీలో జాద్. ఏ పేరుతో పిలిచినా దాని కొలత నా సుఖం కాదు, నా భయమూ కాదు. ఈ వస్తువు నా దగ్గర లేకపోతే దాని బరువు ఎవరు మోయాల్సి వస్తుంది అన్నదే కొలత. ఎవరో ఒకరు మోయాల్సి వస్తే అది నా పెట్టెలో ఉండాలి. ఎవరూ మోయనక్కర లేకపోతే, అది లేకపోయినా నష్టపోయేది నా మనసులోని దిగులొక్కటే అయితే, దానికి పెట్టెలో చోటు లేదు. ఇదే వాక్యం వెనువెంటనే అన్నిటికన్నా మంచి దారి బత్తెం తఖ్వా అని, దైవభీతి అని చెబుతుంది కదా, అసలు మూట లోపలిదే కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే జనాన్ని అడుక్కోకుండా ఉండడం కూడా తఖ్వాలో భాగమేనని వ్యాఖ్యానించినవాళ్లు ఉన్నారు. అలా చూస్తే బయటి మూటా లోపలి మూటా ఒకదాన్నొకటి తోసేసేవి కావు. మొదటిది కట్టుకున్నవాడికే రెండోది నిలుస్తుంది.

ఇస్లాం చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ప్రయాణం 622లో ప్రవక్త మక్కానుంచి మదీనాకు వెళ్లిన హిజ్రత్. అంతటి ప్రయాణానికి కూడా మూట కట్టారు. ఆయన వెంట వెళ్లిన అబూ బక్ర్ కూతురు అస్మా అన్నం సంచికి కట్టు దొరక్క తన నడికట్టును రెండుగా చీల్చి కట్టింది. అందుకే ఆమెకు రెండు నడికట్ల ఆవిడ అన్న బిరుదు నిలిచింది. తిర్మిజీ హదీసు సంకలనంలో ఇంకొకటి ఉంది. ఒంటెను కట్టేసి దేవుణ్ణి నమ్మాలా, వదిలేసి నమ్మాలా అని ఒకాయన అడిగితే, కట్టమనీ నమ్మమనీ ప్రవక్త రెండూ చెప్పారట. దాని సాక్ష్య పరంపర బలాన్ని శంకించినవాళ్లున్న మాట ఆ సంకలనంలోనే ఉంది కాబట్టి నా వాదనను దానిమీద నిలబెట్టను. దానికన్నా గట్టి ఆధారం 1111లో కన్నుమూసిన ఇస్లాం పండితుడు గజాలీ దగ్గర దొరుకుతుంది. ఆయన మహాగ్రంథం ఇహ్యా ఉలూముద్దీన్ నలభై భాగాల్లో ముప్పై అయిదోది తౌహీద్ గురించి, అంటే దేవుడొక్కడే అన్న నమ్మకం గురించి, తవక్కుల్ గురించి. మనిషి చేసే ఏర్పాట్లను ఆయన అక్కడ మూడు రకాలు చేస్తాడు. ఫలితం ఖాయంగా ఉండేవి మొదటి రకం. ముందున్న అన్నం నోటికి చేరాలంటే చేయి చాపక తప్పదు, చాపకుండా కూర్చోవడం తవక్కుల్ కాదు, పిచ్చి అంటాడు. ఫలితం దాదాపుగా ఉంటుందని అనుభవం చెప్పేవి రెండో రకం. ఎడారి ప్రయాణానికి తిండీ నీళ్లూ తీసుకెళ్లడం అందులోది. మూడోది కేవలం ఊహ. వస్తుందో రాదో తెలియని దానికోసం పడే ఎడతెగని తాపత్రయం. తవక్కుల్‌ను చెడగొట్టేది ఈ మూడోదే. ఇదే చర్చలో 9వ శతాబ్దపు సూఫీ ఇబ్రహీం అల్ ఖవ్వాస్ ప్రస్తావన వస్తుంది. ఆయన తిండి కూడా వెంట లేకుండా ఎడారులు దాటిన మనిషి. అలాంటివాడు సూది, కత్తెర, తాడు, నీళ్లు చేదుకునే తోలు పాత్ర ఈ నాలుగూ లేకుండా గడప దాటేవాడు కాదట. ఎడారిలో నీళ్లు నేలమీద పారవు, బావిలో ఉంటాయి. బావి దగ్గర తాడూ చేదా పెట్టుకుని ఎవరూ ఎదురుచూడరు. ఒంటిమీద ఉన్నది ఒకటే బట్ట, అది చిరిగితే మానం కాపాడుకోవాలి. అడవిలో సూది ఇచ్చేవాడెవడు? ఆకలిని ఓర్చుకోగల మనిషి సూదిని మాత్రం వదల్లేదు. ఆకలి అతని ఒంటిది, దాన్ని అతనే మోస్తాడు. చిరిగిన బట్ట నలుగురి కళ్లముందుకొస్తుంది. ఈ తేడా నాకు చాలా విలువైనదిగా తోస్తుంది.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. బజారులో దొరికే అల్యూమినియం సైడ్ బాక్సులు ఒక్కోటి సుమారు 26 లీటర్లనుంచి 45 లీటర్ల దాకా ఉంటాయి. రేకు మందం ఎక్కువగా ఒకటిన్నర మిల్లీమీటర్లు, గట్టివైతే రెండు. ఖాళీ పెట్టె ఒక్కటే నాలుగైదు కిలోలుంటుంది, దాన్ని మోసే ఇనప గొట్టాల ఫ్రేము బరువు వేరు. లోపల పెట్టే సామాను 10 కిలోలు దాటకూడదని చాలామంది తయారీదార్లు హెచ్చరిస్తారు. ఇక్కడే ఒక వింత ఉంది. 45 లీటర్ల పెట్టెను నీళ్లతో నింపితే 45 కిలోలు. అంటే పెట్టె తన బలానికి నాలుగింతలకు పైగా చోటు చూపిస్తోంది. చోటు కనబడితే మనిషి చేయి ఆగదు. గజాలీ చెప్పిన మూడో రకం సామాను పుట్టేది ఆ మిగులు చోటులోనే. పంక్చర్ సామాను, టైరు ఊడదీసే లీవర్లు, గాలి పంపు, స్పేర్ ట్యూబు, క్లచ్ కేబులు, నీళ్లు, రోజూ వేసుకునే మందులు, వాన కోటు మొదటి రెండు రకాల్లోకి వస్తాయి. ట్యూబు టైరున్న బండికి మన్ననూరు దాటాక నడి అడవిలో పంక్చరైతే, ఆ లీవర్లు లేనివాడు దారినపోయే లారీ డ్రైవరు గంటసేపటి పనిని తినేస్తాడు. ఇవన్నీ కలిపినా రెండు చిన్న పెట్టెల్లో సగం కూడా నిండవు. మూడో జత బూట్లు, వెళ్లేది ఎండాకాలంలో అయినా ముందుజాగ్రత్తకని దుప్పట్లు, ఎప్పుడూ వెలిగించని పొయ్యి తర్వాత వచ్చి చేరతాయి. అందుకే ఎంపికలో నా మొగ్గు చిన్న పెట్టె వైపే. ముందు పెట్టె కొని తర్వాత సామాను వెతుక్కునేవాడికి భయం సామాను సర్దిపెడుతుంది. సామాను నేలమీద పరిచి, ప్రతి వస్తువునూ ఇది లేకపోతే ఎవరు మోయాలని అడిగి, ఆ తర్వాత పెట్టె కొలత చూసుకున్నవాడికి 26 లీటర్లే సరిపోతుందని తెలుస్తుంది.

బిగింపు సంగతి ఇంకా ఆసక్తికరమైనది. రెండు పక్కలా బరువు వేలాడదీయడం మనకు కొత్త విద్యేం కాదు. ఎద్దు వీపుమీద రెండు పక్కలకీ వేలాడేలా వేసే గోనెను తెలుగులో పెరిక అన్నారు. పెరికెద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన వర్తకులూ, బారులు తీరిన ఎద్దులతో సైన్యాలకు సరుకు చేర్చిన లంబాడీలూ దక్కన్ బాటలన్నీ తొక్కారు. హద్రమౌత్ ఒంటెకూ అదే పద్ధతి. మనిషి భుజానికైతే కావడి. వీటన్నిటికీ సూత్రం ఒక్కటే, ఒక పక్క ఎంతో రెండో పక్క అంత. నగరం అంచుల్లో పాలు పోసేవాళ్ల బళ్లను దగ్గరగా చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. సీటు వెనక అడ్డంగా ఇనప కమ్మీ, దాని రెండు కొసల కొక్కేలకు రెండు అల్యూమినియం క్యాన్లు. చెవుల దగ్గర ఏళ్ల తరబడి రాపిడికి లోహం సన్నబడి అద్దంలా మెరుస్తుంటుంది. ఒకే క్యానును పూర్తిగా ఖాళీ చేస్తే బండి రెండో వైపుకి లాగేస్తుంది కాబట్టి పాలు రెంటిలోనూ సరిసమానంగా తగ్గాలి. లక్షల రూపాయల బండికి వేలు పోసి పెట్టెలు బిగించుకునేవాడు నేర్చుకోవలసింది ఆ పాలబండి దగ్గరే ఉంది. బండికి ఒక పక్క సైలెన్సర్ ఉంటుంది కాబట్టి ఆ పక్క పెట్టె చిన్నదిగానో, కాస్త ఎడంగానో కూర్చుంటుంది. రెండు పెట్టెలూ సమానమని కళ్లతో నమ్మితే చాలదు, తూకం వేయాలి. బరువైనవి అడుగున, బండి మధ్యభాగానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఎంత బిగించినా నట్టులు ఇంజను అదురుకు మొదటి వంద కిలోమీటర్లలోనే సడలవచ్చు. అందుకే తెలిసిన మెకానిక్కు ప్రతి బోల్టు తలనుంచి ఫ్రేము మీదికి రంగుతో సన్నటి గీత గీస్తాడు. గీత విరిగి కనబడితే బోల్టు తిరిగినట్టు. నమ్మకమూ తనిఖీ పక్కపక్కన ఉండవచ్చని ఆ గీత కన్నా బాగా చెప్పే వస్తువు నాకు తెలియదు. నట్టు నిలుస్తుందనే నమ్మకంతోనే బయల్దేరతాం, ఆగినచోటల్లా వంగి గీత చూసుకుంటాం.

దీనికి బలమైన అభ్యంతరం సన్యాసుల వైపునుంచి వస్తుంది. ఏమీ లేకుండా తిరగడమే కదా మన నేలమీద గొప్ప ఆదర్శం? భిక్ష అడిగేవాడు లేకపోతే పెట్టేవాడికి పుణ్యమెక్కడిది? ఇంటివాళ్ల చేతికి దానం చేసే అవకాశమివ్వడం వాళ్లమీద బరువు మోపడం ఎలా అవుతుంది? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కొలనుపాకలో జైనం, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో బౌద్ధం వెలిసిన దేశం మనది. అయితే ఆ సన్యాసుల మూటను విప్పి చూద్దాం. బౌద్ధ భిక్షువుకు అనుమతించిన పరికరాలు ఎనిమిది. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడగట్టే గుడ్డ. ఒంటిమీద నూలుపోగు కూడా వదిలేసిన దిగంబర మునికి నెమలిపింఛం, కమండలం ఉంటాయి. పింఛం దేనికంటే, కూర్చోబోయే చోట ఉన్న చీమను నలిపేయకుండా పక్కకు తొలగించడానికి. నీళ్ల గుడ్డ కూడా నీటిలోని ప్రాణుల కోసమే. అన్నీ వదిలేసినవాళ్లు కూడా ఇతరులకు తమవల్ల కలిగే కష్టాన్ని ఆపే వస్తువును వదల్లేదు. సూది బాగ్దాదు వైపు సూఫీ దగ్గరా ఉంది, బౌద్ధ భిక్షువు దగ్గరా ఉంది. ఒకదానికొకటి దూరమైన రెండు సంప్రదాయాలు ఒకే వస్తువు దగ్గర ఆగడం యాదృచ్ఛికమని నేననుకోను. భిక్ష సంగతికొస్తే, దానికీ కట్టుబాట్లున్నాయి. తేనెటీగ పూవును గాయపరచకుండా తీసుకున్నట్టు ఇంటింటా కొద్దికొద్దిగా తీసుకోవాలి, వేళ దాటి తినకూడదు, దాచకూడదు. మక్కా చేరి చేయి చాచినవాళ్లకు లేనిది ఆ కట్టుబాటే. అరబ్బుల ఆతిథ్యానికి కూడా హద్దుంది. అతిథి హక్కు మూడు రోజులు, ఇంటివాణ్ణి ఇబ్బంది పెట్టేదాకా ఉండిపోవడం అతిథికి తగదని హదీసులు చెబుతాయి. పెట్టేవాడికి పుణ్యం దక్కాలంటే పుచ్చుకునేవాడు తన వంతు ముందే మోసి ఉండాలి.

తాళం గురించిన అభ్యంతరం ఇంకొకటి. మెత్తటి సంచుల్ని వదిలి అల్యూమినియం పెట్టెలు కొనడానికి జనం చెప్పే కారణాల్లో తాళం వేసుకోవచ్చన్నది పెద్దది. తాళమంటే ఎదుటివాళ్లందరినీ దొంగలుగా చూడడం కాదా? ఏ టీకొట్టు ముందు బండి ఆపామో ఆ కొట్టువాణ్ణే అనుమానించడం కాదా? గజాలీ ఈ ప్రశ్ననూ వదల్లేదు. తవక్కుల్ ఉన్నవాడు ఇంటికి తాళం వేసుకోవచ్చంటాడు. అయితే తాళం వేశాక కూడా కాపలా చూడమని ఇరుగుపొరుగును బతిమాలడం, తాళంమీద తాళం పోగేయడం తగదంటాడు. దొంగకు ఆశ పుట్టించే వస్తువును ఇంట్లో ఉంచి అతన్ని పాపంలోకి లాగవద్దంటాడు. పోయినా పోయిందని, తీసుకున్నవాడికి ధర్మం కింద వదిలేయడానికి మనసులో ముందే సిద్ధపడమంటాడు. బస్రాకు చెందిన మాలిక్ బిన్ దీనార్ తలుపుకు తాళం కాదు, తాడు ముడి మాత్రమే వేసేవాడట, అది కూడా కుక్కలు దూరకుండా. ఈ మాటల్ని పెట్టెకు అన్వయిస్తే ఒక తాళం చాలు. ఆ తాళం వెనక ఉన్నది పోతే గుండె ఆగిపోయేంత విలువైనది కాకూడదు. టైరు లీవర్లకు తాళం వేయడం పొరుగువాణ్ణి అవమానించడం కాదు. లాప్‌టాప్, నగదు, నగలు పెట్టెలో పెట్టి, టీ తాగుతున్నంతసేపూ కళ్లు బండిమీదే ఉంచేవాడికి మాత్రం తాళం ఏ నెమ్మదీ ఇవ్వలేదు.

ఇక పెట్టె ఆర్భాటమనే మాట. నగరం దాటని బండికి ఖాళీ పెట్టెలు తగిలించుకుని తిరగడం ఉంది, అది బరువే తప్ప బత్తెం కాదు, దాన్ని సమర్థించను. లోహపు పెట్టె చేసే హాని మాత్రం కాస్త నిలిచి ఆలోచించవలసింది. ఇసుకలోనో బురదలోనో బండి నెమ్మదించినప్పుడు కాలు కింద పెడతాం. బండి ముందుకు జరుగుతుంది, వెనకున్న పెట్టె అంచు పిక్కకు తగులుతుంది, కాలు పెట్టెకూ నేలకూ మధ్య ఇరుక్కుని ఎముక విరగవచ్చు. మెత్తటి సంచితో ఆ ప్రమాదం తక్కువ. పాతబస్తీ గల్లీల్లో ఇంకో చిక్కుంది. హ్యాండిల్ దూరిన సందులో పెట్టె కూడా దూరుతుందనుకుంటాం, హ్యాండిల్ కన్నా పెట్టెలు వెడల్పయితే పక్కన నడిచే పిల్లవాడి భుజానికి రేకు మూల తగులుతుంది. నా కొలత ఇక్కడా పనిచేస్తుంది. నా సామాను బరువు దారినపోయేవాడి ఒంటిమీద పడకూడదు. కాబట్టి రెండు పెట్టెలతో కలిపిన వెడల్పు హ్యాండిల్ వెడల్పును మించకూడదు, మూలలు గుండ్రంగా ఉండాలి, ఎక్కువగా మట్టిదారుల్లో పోయేవాడు సంచులే తీసుకోవాలి. తారురోడ్డు మీద దూరాలు పోయేవాడికి అల్యూమినియం వాదన నిలుస్తుంది. అది ఇనుములో మూడోవంతు బరువు, గాలి తగిలితే పైన తనకు తానే పొర కట్టుకుని తుప్పును ఆపుతుంది, సొట్టపడితే సుత్తితో సరిచేసుకోవచ్చు. చీలితే అతికే ఆర్గాన్ వెల్డింగ్ ప్రతి ఊళ్లోనూ దొరకదు కానీ రివెట్ కొట్టేవాడు దొరుకుతాడు. లోపల గుడ్డ సంచి లేకుండా బట్టలు పెడితే లోహం రాపిడికి నల్లటి మసి అంటుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఫోనూ డబ్బూ ఉంటే పెట్టె ఎందుకని అడిగేవాళ్లకు జవాబు చిన్నదే. డబ్బు కూడా బత్తెమే, కాకపోతే అది ఎదురుగా అమ్మేవాడున్నచోటే పనికొచ్చే బత్తెం. నల్లమలలో చాలాచోట్ల సిగ్నలే ఉండదు. బావి దగ్గర తాడు లేకపోతే ఖవ్వాస్‌కు జేబులో దీనారాలుండి ఏం లాభం?

చివరిగా, మూటలో ఎవరి వాటా ఎంత అన్న విషయం. అయ్యప్ప దీక్ష తీసుకున్నవాళ్లు తలమీద పెట్టుకునే ఇరుముడిలో రెండు భాగాలుంటాయి. ముందుముడిలో స్వామికి అర్పించే నేతి కొబ్బరికాయ, పూజాద్రవ్యాలు. వెనకముడిలో యాత్రికుడి సొంత బత్తెం. తనది వెనక్కి, తనది కానిది ముందుకు. ఆ అమరికలో నాకు పెద్ద ఆలోచన కనిపిస్తుంది. ముస్లిం అనే పండితుడి హదీసు సంకలనంలో అబూ సయీద్ అల్ ఖుద్రీ చెప్పిన ప్రయాణపు హదీసు ఒకటుంది. ఎవరి దగ్గర మిగులు వాహనముందో వాళ్లు లేనివాళ్లకివ్వాలి, ఎవరి దగ్గర మిగులు బత్తెముందో వాళ్లు అది లేనివాళ్లకివ్వాలి అని ప్రవక్త చెప్పుకుపోతుంటే, మిగులు దేనిమీదా తమకు హక్కు లేదేమో అనిపించిందని ఆయన అంటాడు. దీన్నిబట్టి చూస్తే పెట్టె కట్టుకోవడం మొదటి మెట్టు మాత్రమే. ఇతరుల మీద పడకుండా ఉండటానికి తెచ్చుకున్న లీవర్లూ పంపూ అవి లేనివాడు ఎదురైన క్షణంలో అతని హక్కవుతాయి. అడవి మొదట్లోని మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరుకే తెరుస్తారు. ఆ వేళ దగ్గర పడుతుండగా పంక్చరైన మోపెడ్ పక్కన పెళ్లాంబిడ్డలతో నిలబడ్డ మనిషికి కావలసింది మన పెట్టెలో ఉన్నదే. అలాంటప్పుడు పెట్టె ఎలా తెరుచుకుంటుందన్నది కూడా ధర్మానికి సంబంధించిన ప్రశ్నే అవుతుంది. పక్కకు తెరుచుకునే మూతైతే సామానంతా రోడ్డుమీద పడుతుంది, ఆ విసుగు తలుచుకునే చాలామంది ఆగకుండా పోతారు. మూత పైనుంచి తెరుచుకునేది కొనాలి. సొంత బట్టలు అడుగుకు తోసి, నీళ్ల సీసా, పంక్చర్ సామాను, పంపు, దెబ్బలకు కట్టే గుడ్డ అన్నిటికన్నా పైన పెట్టుకోవాలి, రోడ్డు వైపు కాకుండా రోడ్డు అంచు వైపున్న ఎడమ పెట్టెలో, బండి స్టాండు మీద వాలినా చేయి పెట్టగానే అందేలా.